మీ "ఇన్సెక్ట్ టేస్టింగ్ నైట్" మీద ఫిర్యాదు, డబ్బులు వాపస్ ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే అండి. మీ బ్యాంకాక్ ప్యాకేజీలో ఇన్సెక్ట్ టేస్టింగ్ నైట్ అని మనిషికి 2,800 ఎక్స్‌ట్రా కట్టించుకున్నారు కదా, దాని గురించే ఈ మెయిల్. ఫోన్ చేస్తే "టీమ్‌కి ఫార్వర్డ్ చేశాం సార్" తప్ప ఇంకో మాట రావట్లేదు, అందుకే రాసి పెడుతున్నా.

బుకింగ్ ఫారంలో ఫుడ్ అలర్జీలు ఉన్నాయా అని అడిగింది మీరే. మా బావమరిది రొయ్యలు, పీతలు పడవు అని రాశాడు. ఆ రాత్రి మీ గైడ్ తెచ్చి వాడి చేతిలో కీచురాళ్ళ ప్లేటు పెట్టాడు, వాడికి డౌట్ వచ్చి నేను తినొచ్చా అని అడిగాడు కూడా, దానికి మీవాడి జవాబు "ఇవి పురుగులు సార్, రొయ్యలు కాదు కదా" అని. కాసేపటికే పెదాలు వాచాయి, మెడ నిండా దద్దుర్లు, ఆ రాత్రి పూట క్లినిక్ వెతుక్కుంటూ ట్యాక్సీలో మేము పడ్డ టెన్షన్ మీకేం తెలుస్తుంది. రొయ్యలో అలర్జీ తెప్పించే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ కీచురాళ్ళలో, మిడతల్లో కూడా ఉంటుందట. యూరప్‌లో 2021 నుంచి తినే పురుగులకి ఒక్కోదానికి పర్మిషన్ ఇస్తున్నారు, రొయ్యలు పీతలు పడనివాళ్ళకి ఇవీ పడకపోవచ్చు అని ప్యాకెట్ మీద రాయాల్సిందే. డబ్బులు తీసుకుని జనం చేత ఇవి తినిపించేవాళ్ళకి ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా?

ఇంక టేస్టింగ్ సంగతి. పురుగులు పెంచే ఫారాల నుంచి వచ్చిన ఫ్రెష్ సరుకు, లోకల్ వాళ్ళు తినే చోట అని మీ ప్యాకేజీలో రాశారు. థాయిలాండ్‌లో కీచురాళ్ళ పెంపకం చిన్నది కాదు, ఖోన్ కేన్ యూనివర్సిటీ వాళ్ళు 1998లో రైతులకి నేర్పడం మొదలుపెడితే, 2013లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) రిపోర్ట్ నాటికి దాదాపు 20,000 ఫారాలు, ఏడాదికి సగటున 7,500 టన్నులు. అంత సరుకున్న దేశంలో మీరు తీసుకెళ్ళింది టూరిస్టులు తిరిగే ఖావో సాన్ రోడ్‌లో ఫోటోకి 10 భాట్లు అని బోర్డు పెట్టిన బండి దగ్గరికి. ముందు వరసలో పుల్లకి గుచ్చిన తేళ్ళు (తేలు అసలు ఇన్సెక్టే కాదు, మీ బ్రోచర్ కవర్ మీద కూడా అదే ఉంది), వెనక ఎప్పుడు వేయించారో తెలియని మిడతలు, మెత్తగా సాగుతున్నాయి, నోట్లో పెడితే కాగి కాగి మాడిన నూనె కంపు. గైడ్ ఒక్కదాని పేరు కూడా సరిగ్గా చెప్పలేదు, ఫోటోలు తీసుకోండి సార్ టైమ్ అయిపోతుంది అని ఒకటే తొందర.

పురుగులనగానే ఛీ అనే బ్యాచ్ కాదు మేము. మాది మదనపల్లె సైడు, తొలకరి వానలకి లేచిన ఉసిళ్ళని దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి పట్టి, వేయించి బొరుగుల్లో కలిపి పెట్టేది మా అవ్వ అని అమ్మ చెప్తుంటుంది. నాకే ఆ చాన్స్ రాలేదు, అందుకే అంత ఇష్టపడి కట్టాం. మర్నాడు హోటల్ వెనక సందులో ఒకామె బండి మీద మా కళ్ళముందే కీచురాళ్ళు వేయించి, నిమ్మాకులు కూడా అదే నూనెలో వేసి, సాస్ కొట్టి మిరియాల పొడి చల్లి ఇచ్చింది, కరకరలాడుతూ ఎండు రొయ్యల వేపుడులా ఉన్నాయి, ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు పొట్లాలు కట్టించుకుని పోతున్నారు. మీరు అమ్మింది ఇదే కదా, మరి చూపించింది ఏంటి?

టేస్టింగ్‌కి కట్టిన డబ్బులు మా అందరివీ, క్లినిక్ బిల్లు మొత్తం వాపస్ కావాలి, బిల్లు ఫోటో, బుకింగ్ ఫారం కాపీ ఈ మెయిల్‌కే పెట్టాను. వేరే ట్రిప్‌కి కూపన్ ఇస్తాం అనొద్దు, మాకు వద్దు. ఆ ప్యాకేజీ పేజీలో రొయ్యల అలర్జీ ఉన్నవాళ్ళు తినకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టండి, పెట్టేదాకా దాని బుకింగ్ ఆపేయండి. 15 రోజుల్లో సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం.

ఇట్లు,
మీ ప్యాకేజీలో వచ్చిన ఒక కస్టమర్