ఇకనుంచి మీగడ ప్యాకెట్ మీద వెన్నశాతం ఉంటుంది

మా డెయిరీ నుంచి పాలు, పెరుగు, మీగడ, వెన్న, నెయ్యి తీసుకుంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం.

ఈ వేసవిలో మా మీగడ గురించి మీలో చాలామంది ఫిర్యాదు చేశారు. కేకు మీద వేసిన క్రీమ్ గంట గడవకముందే జారిపోయిందని ఇంట్లో కేకులు చేసి అమ్మే ఇద్దరు మహిళలు చెప్పారు. టమాటా కూరలో పోయగానే విరిగిపోయిందని ఒక హోటల్ వంట మాస్టారు అన్నారు. కిందటి వారం గరిటెతో తీయాల్సి వచ్చిన మీగడ ఈ వారం పాలలా ఎందుకు కారుతోందని మరికొందరు అడిగారు. ఆ ఫిర్యాదులన్నీ నిజమే, తప్పు మాదే. అది ఎక్కడ జరిగిందో, ఎలా సరిదిద్దుతున్నామో, ధరలు ఎందుకు మారుతున్నాయో మీకు వివరంగా చెప్పవలసిన బాధ్యత నాకుంది.

ముందుగా పేరు దగ్గర ఉన్న చిక్కు చెప్పాలి. మన ఇళ్లలో మీగడ అంటే కాచిన పాల మీద కట్టే తెర. పాలు కాగినప్పుడు వాటిలోని మాంసకృత్తులు పైభాగాన పొరగా ముడుచుకుంటాయి, ఆ పొరలో వెన్న చిక్కుకుంటుంది. వెనకటి రోజుల్లో దాలిలో పిడకల సెగ మీద పాలు పూటంతా కాగితే కట్టే మందపాటి ఎర్రమీగడ ఇలాంటిదే. నోట్లో వేసుకుంటే పంటికి తగులుతుంది. మేము ప్యాకెట్లలో అమ్మేది ఇది కాదు. అది కాచకముందే సెపరేటర్‌తో పాల నుంచి వేరుచేసిన మీగడ, అంటే వంటల పుస్తకాల్లో క్రీమ్ అని రాసేది. స్వీడన్ ఇంజనీరు గుస్టాఫ్ డి లావల్ 1878లో ఈ యంత్రాన్ని తయారుచేయక ముందు, పాలను వెడల్పాటి పళ్లేలలో గంటల తరబడి కదపకుండా ఉంచి, పైకి తేలినదాన్ని తీసుకునేవారు. యంత్రం గిన్నెను నిమిషానికి వేలసార్లు తిప్పి, బరువైన పాలను అంచులకు, తేలికైన వెన్నను మధ్యకు తోసి ఆ పనిని నిమిషాల్లో ముగిస్తుంది. ఇలా వచ్చిన మీగడలో పొర ఉండదు, నున్నగా ఉంటుంది. అందులో వెన్న ఎంత ఉందో కంటితో చూసి చెప్పడం కష్టం, ఎందుకంటే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిస్తే పలుచటి మీగడ కూడా చిక్కగానే కనిపిస్తుంది.

మా పొరపాటు సరిగ్గా ఇక్కడే జరిగింది. రైతు పాలు పోసేటప్పుడు ప్రతి క్యానుకూ వెన్నశాతం చూస్తాం, అతనికి ఇచ్చే డబ్బు దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి. మీకు అమ్మే మీగడకు మాత్రం అలా చూడలేదు. మీగడ ఎంత చిక్కగా రావాలో నిర్ణయించే యంత్రం స్క్రూ ఒకసారి అమర్చాం కదా, రోజూ ఒకేలా వస్తుందిలే అనుకున్నాం. కొనేటప్పుడు లెక్క చూసుకుని అమ్మేటప్పుడు అంచనా మీద నడిచాం. ఫిర్యాదులు పెరిగాక మే నెలలో పన్నెండు రోజులపాటు మీగడకు కూడా వెన్నశాతం కొలిచే గెర్బర్ పరీక్ష చేయించాను. అతి తక్కువ వచ్చిన రోజు 29 శాతం, అతి ఎక్కువ వచ్చిన రోజు 46 శాతం. ఈ రెండూ ఒకేరకం ప్యాకెట్లలో, ఒకే ధరకు మీ ఇళ్లకు చేరాయి.

కారణాలు రెండు కనిపించాయి. మొదటిది కరెంటు. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో వోల్టేజి పడిపోతే గిన్నె తిరిగే వేగం తగ్గుతుంది. అప్పుడు వెన్న పూర్తిగా వేరుపడక కొంత వెన్న తీసిన పాలలోనే ఉండిపోతుంది, మీగడ పలుచబడుతుంది. రెండోది పాలు. మాకు పాలు పోసే రైతుల దగ్గర ఎక్కువగా ఉన్నవి ముర్రా గేదెలు. వానాకాలం చివర ఈనిన గేదెలు వేసవికి వట్టిపోయే దశకు వస్తాయి. ఆ దశలో పాలు తగ్గి వెన్నశాతం పెరుగుతుంది. స్క్రూ మార్చకుండా అలాంటి పాలు పోస్తే మీగడ మరీ చిక్కగా వస్తుంది. ఒక రోజు ఒక కారణం, మరో రోజు మరో కారణం పనిచేయడంతో ఏ రోజు ఎలా వస్తుందో మాకే తెలియకుండా పోయింది. ఇప్పుడు యంత్రానికి స్టెబిలైజర్ పెట్టించాం. అంతకంటే ముఖ్యంగా, ప్రతిరోజూ మీగడకు వెన్నశాతం చూసి ఆ అంకెను ప్యాకెట్ మీద రాస్తాం. జూలై 1 నుంచి మీగడ 25 శాతం, 40 శాతం అని రెండు రకాలుగా దొరుకుతుంది.

కేకులకు వాడే రకంలో ఎంత శాతం వెన్న ఉండాలో తేల్చుకోవడానికి నేనే కూర్చుని గిలకొట్టి చూశాను. 30, 35, 40 శాతం మీగడలను మూడు స్టీలు గిన్నెల్లో పోసి, రాత్రంతా 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి, ఉదయం ఒకే బీటర్‌తో కొట్టాను. 30 శాతం మీగడ నురగలా పొంగింది గానీ కాసేపటికే కుంగి, అడుగున పాలనీళ్లు తేలాయి. 35 శాతం మీగడ నిలబడింది, అయితే ఏసీ లేని మా దుకాణంలో అరగంటకే అంచులు మెత్తబడ్డాయి. 40 శాతం మీగడలో కొద్ది నిమిషాలకే బీటర్ గీతలు చెరగకుండా నిలిచాయి. గిన్నె బోర్లించినా కదల్లేదు. అక్కడ ఆపకుండా ఇంకొంచెం కొట్టగానే తెల్లటి పలుకులు విడిపోయి, అడుగున మజ్జిగలాంటి నీరు దిగింది. అంటే వెన్న వచ్చేసింది. చల్లగా ఉన్నప్పుడు మీగడలోని వెన్న కణాలు కొంతమేర గడ్డకట్టి ఉంటాయి. కొట్టినప్పుడు అవి ఒకదానికొకటి అంటుకుని గాలిబుడగల చుట్టూ గోడ కడతాయి. మీగడ వెచ్చబడితే వెన్న కరుగుతుంది, ఆ గోడ నిలవదు. అందుకే 40 శాతం మీగడ తీసుకున్నవారు గిన్నెను, బీటర్ కడ్డీలను కూడా చల్లబరచి, గీతలు నిలవగానే ఆపేయాలి.

బేకరీ కేకు మీది క్రీమ్ సాయంత్రం దాకా చెక్కుచెదరదు, మీది ఎందుకు నిలవదని ఒక ఖాతాదారు అడిగారు. బేకరీల్లో వాడే క్రీమ్ చాలావరకు మొక్కల నూనెల కొవ్వుతో చేసినది, అది గది వేడికి అంత తొందరగా కరగదు. మాది అచ్చంగా పాల మీగడ. గోదావరి జిల్లాల మే ఎండలో ఆరుబయట పెట్టే కేకుకు ఇది పనికిరాదని ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. నిలవడం కోసం అందులో వేరే కొవ్వు కలిపే ఉద్దేశం నాకు లేదు. కేకు అదే రోజు చేసి, కోసేదాకా ఫ్రిజ్‌లో ఉంచగలిగితేనే మా దగ్గర తీసుకోండి.

25 శాతం మీగడ కూరలకు, పండ్ల ముక్కలకు, సూపులకు. ఇందులో వెన్న తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ కనుక టమాటా పులుపు, మరుగుతున్న వేడి రెండూ కలిస్తే విరుగుతుంది. పొయ్యి కట్టేసిన తర్వాత, ముందుగా రెండు గరిటెల వేడి గ్రేవీని మీగడలో కలిపి, ఆపైన కూరలో పోస్తే ఆ ఇబ్బంది రాదు. కూర మీగడతో కలిసి ఉడకాల్సిందేనంటే 40 శాతం రకమే వాడండి, అది వేడికి బాగా తట్టుకుంటుంది. హైదరాబాదు పద్ధతిలో ఖుబానీకా మీఠా చేసేవారు పైన పోయడానికి ఏది మంచిదని అడుగుతుంటారు. నాకైతే 40 శాతం మీగడను గట్టిపడకముందే, జారుగా ఉన్నప్పుడే ఆపి పోస్తే బాగుంటుందనిపిస్తుంది.

ఇక ధరలు. ఇప్పటివరకు పావుకిలో 100 రూపాయలకు ఇచ్చాం. వందలీటర్ల గేదెపాలలో సుమారు ఏడు కిలోల వెన్న ఉందనుకుంటే, 40 శాతం మీగడ దాదాపు 18 కిలోలు, 25 శాతం మీగడ దాదాపు 28 కిలోలు వస్తుంది. అందువల్ల 40 శాతం రకం పావుకిలో 120, 25 శాతం రకం పావుకిలో 80 రూపాయలు చేస్తున్నాం. 25 శాతానికి దించేది వెన్న తీసిన పాలు కలిపే, నీళ్లతో కాదు. మీగడను పాలకంటే ఎక్కువగా, 80 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి వెంటనే చల్లబరుస్తాం. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల్లోపు వాడేయండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి, గడ్డకట్టి కరిగిన మీగడ గిలకొట్టడానికి నిలవదు.

కాచిన పాల మీద తీసిన తెరమీగడ కావాలన్నవారికి ముందురోజు సాయంత్రం చెబితే చేసి ఇస్తాం. వెన్న, నెయ్యి ఎప్పటిలాగే మీగడకు తోడువేసి చిలికినవే, వాటిలో మార్పు లేదు.

ఏప్రిల్, మే నెలల్లో మా మీగడ వల్ల కేకు గాని కూర గాని పాడైనవారు దుకాణానికి వచ్చి చెబితే మీగడ డబ్బు తిరిగి ఇస్తాం, రసీదు అడగం. ఇకమీదట ఆరోజు వెన్నశాతం 38 కంటే తక్కువ వస్తే 40 శాతం ప్యాకెట్లు కట్టం, ఆ మీగడను 25 శాతానికి దించేస్తాం. ఆరోజుకు ఆర్డరు ఇచ్చినవారికి ఉదయం తొమ్మిదిలోపే ఫోన్ చేసి చెబుతాం, మీరు వేరే ఏర్పాటు చేసుకునే సమయం ఉండేలా.