బాబుకు కొనవలసిన చదరంగం పుస్తకం గురించి

బర్మింగ్‌హామ్,
16 నవంబరు 2024

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతున్నది. చలి మొదలైనా ఇల్లు వెచ్చగానే ఉంటున్నది కనుక అమ్మ దిగులు పెట్టుకోనక్కరలేదు. బాబుకు చదరంగం ఓపెనింగుల, అంటే ఆట మొదటి ఎత్తుల, పుస్తకం ఏది కొనాలని మీరు అడిగినదానికి ఫోనులో హడావిడిగా జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నీ ఉన్న పెద్ద పుస్తకం ఒక్కసారే కొనేస్తే మళ్లీ చూసుకోనక్కరలేదని మీ ఆలోచన. అటువంటి పుస్తకాలు ఇక్కడ నేను వెళ్లే క్లబ్బు బీరువాలో ఉంటే, శనివారం సాయంత్రం పక్కపక్కన పెట్టుకుని చూశాను. 'మోడరన్ చెస్ ఓపెనింగ్స్' 1911లో మొదట వెలువడి, 2008లో పదిహేనవ కూర్పుగా వచ్చింది. బెల్‌గ్రేడ్ వారు 1974 నుంచి తెచ్చిన ఓపెనింగుల ఎన్‌సైక్లోపీడియా ఐదు సంపుటాలు. అందులో ఓపెనింగులన్నింటినీ ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి ఈ వరకు, అక్షరానికి నూరు చొప్పున, 500 భాగాలు చేశారు. ఏ భాషవారైనా వాడుకునేందుకు వీలుగా వ్యాఖ్యలన్నీ చిహ్నాలతోనే ఉంటాయి. ఇవి మహాగ్రంథాలే, నేను కాదనను. కాని ఇవి ఆట లోతు తెలిసినవాళ్లు సందేహం వచ్చినప్పుడు తెరిచి చూసుకునే పట్టికలు. ఏడో తరగతి పిల్లవాడి చేతికి ఇప్పుడే ఇస్తే ఎత్తులు బట్టీ పడతాడు, అంతే.

ఎందుకంటున్నానో మీరే బల్ల మీద పెట్టి చూడండి. తెల్ల బంటు ఈ4 గడికి, నల్ల బంటు ఈ5 గడికి (ఇంగ్లీషు అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డు వరుసకు). తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల గుర్రం సి6. తర్వాత తెల్ల శకటు బి5కు వస్తుంది. ఇది స్పానిష్ ఓపెనింగు. నల్ల వైపు ఏ6కు బంటు జరిపితే, శకటు ఏ4కు తగ్గుతుందని పట్టికలోని ప్రధాన వరుస చెబుతుంది. గుర్రాన్ని కొట్టేసి, అది కాపలా కాస్తున్న ఈ5 బంటును ఊరికే తీసుకోవచ్చు కదా అని బాబు తప్పకుండా అడుగుతాడు. కొట్టిన శకటును నల్లవారు డి నిలువు వరుసలోని బంటుతో తీసుకున్నాక, మన గుర్రం ఈ5 బంటును కొడితే, నల్ల మంత్రి డి4కు దూకి ఆ గుర్రాన్నీ ఈ4 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది. వచ్చిన బంటు అలాగే తిరిగి పోతుంది. ఈ సంగతిని వాక్యాల్లో విడమరిచి చెప్పే పుస్తకమే ఇప్పుడు వాడికి కావాలి.

కనుక డచ్ గ్రాండ్‌మాస్టర్ పాల్ వాన్ డెర్ స్టెరెన్ రాసిన 'ఫండమెంటల్ చెస్ ఓపెనింగ్స్' కొనడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. 2009లో వచ్చిన ఈ ఒక్క సంపుటంలోనే ముఖ్యమైన ఓపెనింగులన్నీ ఉన్నాయి, ప్రతిదాని వెనుక ఉద్దేశం మాటల్లో ఉన్నది. అది పాతదై పోయిందేమోనని మీరు సందేహించవద్దు. కంప్యూటర్లు వచ్చాక తీర్పులు మారి, పాతబడేది పట్టికల పుస్తకమే. శకటు ఎఫ్7 గడి మీద ఎందుకు కన్నేస్తుందో చెప్పే పేజీ అంత త్వరగా పాతబడదు. ఇంగ్లీషు కష్టమైన చోట వదిన చదివి చెప్పగలదు.

ట్రంకుపెట్టెలోని మీ పాత పుస్తకం మాత్రం వాడికి ఇప్పుడే ఇవ్వకండి. అందులో ఎత్తులు పాత పద్ధతిలో, రాజు వైపు, మంత్రి వైపు అని లెక్కపెట్టి ఉన్నాయి. 1981 నుంచి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే గళ్ల పేర్లతో రాసే పద్ధతినే గుర్తిస్తున్నది. పోటీలలో వాడు రాయవలసినదీ అదే.

వీడియోలు చూసి, నల్లవారు ఆడే సిసిలియన్ ఓపెనింగులో నైడార్ఫ్ అనే శాఖ ఆడతానని వాడు నాతో అన్నాడు. ఆ ఎన్‌సైక్లోపీడియాలోని 500 భాగాలలో 80 ఒక్క సిసిలియన్‌కే పోయాయంటే అదెంత అడవో మీరు ఊహించండి. ముందు ఈ4, ఈ5 ఆటలు చేతికి రానివ్వండి.

వాడి చదువు పాడవుతుందని అన్నయ్య భయపడుతున్నాడట. మీ దగ్గర ఆడుతూనే కదా నాన్నగారూ నేను చదువుకున్నది! కందుకూరులో కోచ్ లేడని, పోటీలకు నెల్లూరు దాకా పోవలసి వస్తున్నదని మీరు నొచ్చుకోవద్దు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన హంపికి ఆట నేర్పింది ఆమె నాన్నగారు అశోక్ గారే. బాబుకు మీరున్నారు. ఆ అదృష్టం నాకు దక్కింది, వాడికీ దక్కాలని నా కోరిక.

డబ్బు సంగతి ఎత్తవద్దు, అది మేనత్తగా నా ముచ్చట. పుస్తకం ఇంటికే చేరే ఏర్పాటు నేను చేస్తాను. వానలు కనుక తడవకుండా అందుకోమని వదినతో చెప్పండి. రాగానే ఇటాలియన్ ఓపెనింగు అధ్యాయంతో మొదలుపెట్టించి, రోజుకు రెండు పేజీలకు మించి చదవనివ్వకండి. చదివిన ప్రతి ఎత్తునూ బల్ల మీద వేయించండి. సంక్రాంతి సెలవుల్లో ఫోనులో నేను వాడితో స్పానిష్ ఆడతాను, నల్లపావులు నాకు ఉంచమనండి.

ఇట్లు,
మీ అమ్మాయి