ఒకే పెళ్లి, రెండు క్యాసెట్లు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను గొంతు సవరించుకునేలోపే నీ కొట్లోకి ఎవరో జెరాక్సుకొచ్చారు, నువ్వు పెట్టేశావు. మళ్లీ చేద్దామనుకున్నాను కానీ ఇది ఫోన్లో తెమిలే సంగతి కాదు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినవాణ్ని, వెనకాల బోర్డు లేకపోతే నాకు మాట నడవదు. అందుకని కాగితం తీశాను. మీ చెల్లెలు భోజనం చేసి కాసేపు పడుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఉత్తరం పొడుగవుతుంది, తిట్టుకోకుండా చదువు.

నువ్వడిగింది మంచి ప్రశ్న. డల్లాస్‌లో మీ అమ్మాయికి పార్శ్వపు నొప్పికని నెలకో ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ మందు సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకుంటుందని పిల్ల చెప్పింది. నువ్వు ఊరుకోకుండా గూగుల్లో వెతికితే దాని పూర్తి పేరు కాల్సిటోనిన్ జీన్ రిలేటెడ్ పెప్టైడ్ అని తేలింది. "కాల్సిటోనిన్ అంటే ఎముకలు గుల్లబారాయని మా అమ్మకి ముక్కులో కొట్టించిన స్ప్రే కదరా? అమ్మ ఎముకలకీ మనవరాలి తలనొప్పికీ ఏం చుట్టరికం?" అన్నావు.

దగ్గరి చుట్టరికమేరా. కాల్సిటోనిన్, సీజీఆర్‌పీ రెండూ మన ఒంట్లో ఒకే జన్యువు నుంచి పుడతాయి. పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది ఆ జన్యువు. ఒకటేమో థైరాయిడ్ గ్రంథిలో తయారై రక్తంలో కాల్షియం సంగతి చూస్తుంది. రెండోది నరాల్లో తయారై రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నొప్పి కబురు మోయడంలోనూ దానికి పాత్ర ఉంది. పనులకి పొంతన లేదు, రూపానికీ పెద్దగా లేదు. (అన్నట్టు మీ అమ్మగారి స్ప్రేలోది మనిషి కాల్సిటోనిన్ కాదు, సాల్మన్ చేపది. మనదానికంటే అదే గట్టిగా పనిచేస్తుంది. ఆవిడ శుద్ధ శాకాహారి కదా, అప్పట్లో తెలిసుంటే ఇంట్లో ఎంత గొడవయ్యేదో!)

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా ఏళ్లు బోర్డు మీద "ఒక జన్యువు, ఒక ప్రొటీన్" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీసేవాణ్ని. 1941లో బీడిల్, టేటమ్ అనే శాస్త్రవేత్తలు రొట్టెబూజు మీద చేసిన పనితో వచ్చిన మాట అది. అది నాకు బాగా నచ్చేది, పరీక్షలో రెండు మార్కులకి సరిపోయేది. అప్పటికే దానికి కాలం చెల్లిందని నాకు తెలియదు.

ఒకే జన్యువు నుంచి ఒకటికి మించి ప్రొటీన్లు రావడాన్ని దోసెపిండితో పోలుస్తారు. అదే పిండితో ఇడ్లీ, దోసె, పునుగులు అని. నాకా పోలిక నచ్చదు. పిండిలో కత్తిరింపు ఏముంది? ఇది కత్తెర పని. ఈ కత్తెర పని నీకంటే బాగా తెలిసినవాడు నా ఎరికలో లేడు.

తెనాలిలో నువ్వు వీడియో మిక్సింగ్ పెట్టిన రోజులు గుర్తు తెచ్చుకో. రెండు వీసీఆర్లు, ఒక మిక్సరు, లవ్ సింబల్ ఆకారంలో తెరుచుకునే ఆ దిక్కుమాలిన ఎఫెక్టు. ఒక పెళ్లి తీస్తే మూడు గంటల క్యాసెట్లు నాలుగు నిండేవి. అందులో పనికొచ్చేది ఎంత? జనరేటర్ ఆగిపోయి చీకటి, కెమెరా ఆపడం మర్చిపోతే నేల, ఎవరిదో వీపు. అవన్నీ తీసేసి, మిగిలిన ముక్కలు వరసగా అతికి, పాట వేసి ఇచ్చేవాడివి.

కణంలోనూ అంతే. డీఎన్ఏలో ఉన్న జన్యువు, అంటే రసాయన అక్షరాల పొడుగాటి వరస, ఒరిజినల్ టేపు. దాన్ని కణం కొయ్యదు. ఆర్ఎన్ఏ అనే కాపీ ఒకటి తీసుకుని దాన్ని కోస్తుంది. కాపీలో ఉంచే ముక్కలని ఎక్సాన్లు అంటారు, తీసిపారేసేవాటిని ఇంట్రాన్లు అంటారు. కోసి అతికే ఈ పనే స్ప్లైసింగ్. పారేసేది ఎంత ఉంటుందో తెలిస్తే నీ పెళ్లి టేపులే నయమనిపిస్తుంది. కండరాలకి కావలసిన డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ జన్యువు ఇరవై లక్షల అక్షరాలు దాటుతుంది. కాపీ తియ్యడానికే సుమారు 16 గంటలు. కోసి, 79 ఎక్సాన్లు అతికాక మిగిలేది 14 వేల అక్షరాలు. నూటికి ఒకటి కూడా కాదు!

ఈ సంగతి 1977 దాకా ఎవరికీ తెలియదు. జన్యువంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఏకబిగిన చదువుకుపోయేదనే అందరూ అనుకున్నారు. ఆ ఏడు అమెరికాలో ఫిలిప్ షార్ప్ బృందం ఎమ్ఐటీలో, రిచర్డ్ రాబర్ట్స్ బృందం కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో, ఎవరికి వారు, జలుబు తెప్పించే అడినోవైరస్ మీద పని చేస్తున్నారు. తయారైన ఆర్ఎన్ఏని తీసుకెళ్లి దాని ఒరిజినల్ డీఎన్ఏ పక్కన పడుకోబెట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. రెండూ అక్షరానికి అక్షరం అతుక్కోవాలి. అతుక్కోలేదు. మధ్యమధ్యలో డీఎన్ఏ ఉచ్చుల్లాగా పైకి లేచి ఉంది. ఆ ఉచ్చులున్నచోట ఆర్ఎన్ఏలో జోడీ లేదు, అంటే అక్కడి ముక్క కోసేశారన్నమాట. మరుసటేడు వాల్టర్ గిల్బర్ట్ ఎక్సాన్, ఇంట్రాన్ అని పేర్లు పెట్టాడు. షార్ప్‌కీ రాబర్ట్స్‌కీ 1993లో నోబెల్ వచ్చింది. నాకు ఆ ఏడు ట్రాన్స్‌ఫర్ టెన్షన్లో పేపరు చదివిన గుర్తు కూడా లేదు.

ఇక రెండు క్యాసెట్ల సంగతికొస్తాను. నువ్వు పెళ్లికూతురు వాళ్లకో క్యాసెట్టు, పెళ్లికొడుకు వాళ్లకో క్యాసెట్టు విడిగా చేసిచ్చేవాడివి గుర్తుందా? అదే పెళ్లి, అవే టేపులు. వీళ్ల క్యాసెట్లో వీళ్ల మేనమామలు, వాళ్ల క్యాసెట్లో వాళ్ల మేనమామలు. సరిగ్గా అదే మీ అమ్మాయి కథ. కాల్సిటోనిన్ జన్యువులో ఆరు ఎక్సాన్లున్నాయి. థైరాయిడ్‌లో కొన్ని ప్రత్యేకమైన కణాలు 1, 2, 3, 4 అతికి అక్కడితో ముగిస్తాయి, అది కాల్సిటోనిన్‌కి దారి. నరాల కణాలు 1, 2, 3 అతికి, నాలుగోది వదిలేసి, 5, 6 కలుపుతాయి, అది సీజీఆర్‌పీకి దారి. తమాషా ఏమిటంటే ఆ ఉమ్మడి ముక్కలు నువ్వు వేసే వినాయకుడి బొమ్మా టైటిల్సూ లాంటివే. ప్రొటీన్ పొడుగ్గా తయారయ్యాక ఆ ముందు భాగం కూడా తెగిపోతుంది. చివరికి 32 అమైనో ఆమ్లాల (ప్రొటీన్ అనే దండలో పూసలవి) కాల్సిటోనిన్‌లో, 37 అమైనో ఆమ్లాల సీజీఆర్‌పీలో ఉమ్మడి ముక్కంటూ ఏమీ మిగలదు.

ఇది బయటపడిన తీరు ఇంకా బాగుంటుంది. శాన్ డియేగోలో మైకేల్ రోసెన్‌ఫెల్డ్, రోనల్డ్ ఎవాన్స్, అప్పటికింకా విద్యార్థినిగా ఉన్న సూసన్ అమారా, ఎలుక థైరాయిడ్ కణితి కణాలు పెంచుతున్నారు. కాల్సిటోనిన్ బాగా తయారుచేసే కణాలు కొన్నాళ్లకి తయారుచేయడం తగ్గించేశాయి. మనబోటివాళ్లయితే పాడైపోయాయని పారేసేవాళ్లం. వాళ్లు ఆర్ఎన్ఏ చూస్తే అదే జన్యువుది, కానీ వేరే సైజుది ఉంది. దాని అక్షరాలు చదివి, ఇదుంటే ఫలానా ప్రొటీన్ ముక్క పుట్టి తీరాలని 1982లో లెక్కగట్టారు. అప్పటికి ఆ పదార్థాన్ని ఒంట్లో చూసినవాడు లేడు. మరుసటేడు వెతికితే నరాల్లో దొరికింది. కాగితం మీద ముందు పుట్టి, ఒంట్లో తర్వాత దొరికిందన్నమాట. పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు మెడ సిరలోని రక్తంలో అది పెరుగుతోందని గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ అనే పరిశోధకులు 1990లో చూపించారు. దాని దారి మూసే మొదటి ఇంజెక్షన్‌కి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అలాంటిదే మీ అమ్మాయి భుజానికో తొడకో పడుతోంది.

మరి ఎక్కడ కొయ్యాలో చెప్పేదెవరు? ప్రతి ఇంట్రాన్ మొదట్లో, చివర్లో దాదాపు ఒకేరకం గుర్తులుంటాయి. కోసే యంత్రం స్ప్లైసియోజోమ్. ఇంచుమించు అన్ని కణాల్లోనూ అదే కత్తెర. తేడా అంతా పక్కన నిలబడి చెప్పేవాళ్లలో ఉంది. కొన్ని ప్రొటీన్లు ఆర్ఎన్ఏ మీద కూర్చుని "ఈ ముక్క ఉంచు" అంటాయి, కొన్ని "వదిలెయ్" అంటాయి. నరంలో ఉండే పెత్తందార్లు వేరు, థైరాయిడ్‌లో పెత్తందార్లు వేరు. నీ కొట్లో రాత్రి పదకొండింటికి కుర్చీలేసుకు కూర్చుని, మా బాబాయి చదివింపులు ఇచ్చింది తీసేస్తే డబ్బులివ్వం అనేవాళ్లని తలుచుకుంటే నీకింతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. మనిషికి ఎన్ని జన్యువులున్నాయో తేలకముందు లక్ష అనేవాళ్లు చాలామంది. 2000లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో శాస్త్రవేత్తలు డాలరు కట్టి పందేలు కూడా కాశారు, మన సంక్రాంతికి భీమవరం వైపు కాసినట్టు. 2003లో పందెం గెలిచినామె చెప్పిన అంకె 25,947. ఇప్పటి లెక్క ఇంకా దిగి, ప్రొటీన్ చేసేవి ఇరవై వేల దరిదాపుల్లో ఆగింది. మిల్లీమీటరు పొడుగుండే ఒక నులిపురుగుకీ దాదాపు అన్నే! అందరికీ తల కొట్టేసినంత పనైంది. అప్పట్నుంచి, మన గొప్పంతా ఈ కత్తిరింపులోనే ఉందని చెప్పుకోవడం మొదలైంది. నేనైతే ఆ మాట పూర్తిగా మింగను. ఒకటి కంటే ఎక్కువ ఎక్సాన్లున్న మన జన్యువుల్లో నూటికి తొంభైకి పైగా రకరకాలుగా కత్తిరింపు అవుతున్నట్టు 2008లో లెక్కలొచ్చిన మాట నిజమే. కానీ అది ఆర్ఎన్ఏ లెక్క. ప్రొటీన్లు వెతికితే అన్ని రకాలు కనబడటం లేదు. కొన్ని కత్తెర జారిన ముక్కలే అయి ఉంటాయి. నువ్వు మాత్రం తప్పు కొయ్యలేదా?

కత్తిరింపుతో నిజంగా బతికే జీవి కావాలంటే ఈగను చూడు, అరటిపండు మీద వాలే ఆ బుల్లి ఈగని. దాని డీస్కామ్ జన్యువులో నాలుగు చోట్ల, వరుసగా 12, 48, 33, 2 ముక్కల్లో ఒక్కొక్కటి ఎంచుకోవచ్చు. గుణించు. 38,016. ఆ ఈగకి మొత్తం జన్యువులే పద్నాలుగు వేలు! ఒక్కో నరకణం ఇందులో కొన్ని రకాలు ఒంటిమీద పెట్టుకుంటుంది. తన కొమ్మకి తన కొమ్మే తగిలితే, అదే గుర్తు కనబడి పక్కకి తప్పుకుంటుంది. చిక్కుపడకుండా ఉండటానికి అంత ఏర్పాటు.

తప్పు కొయ్యడమంటే గుర్తొచ్చింది. కొల్లిపర పెళ్లి క్యాసెట్టు మర్చిపోయావా? మూడుముళ్ల సీను ఎగిరిపోయి, అక్షింతలు దేనికి పడుతున్నాయో తెలియని క్యాసెట్టు. సాయంత్రానికి వాళ్లు తెచ్చి నీ బల్ల మీద కొట్టారు. కణం కూడా అలాంటిదాన్ని ఉంచుకోదు, చెత్తబుట్టలో పడేస్తుంది. స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ అని పసిపిల్లల కండరాలు చచ్చుబడే జబ్బుంది. ఆ పిల్లల్లో ఎస్ఎమ్ఎన్1 అనే జన్యువు పనిచెయ్యదు. పక్కనే దాని కవల, ఎస్ఎమ్ఎన్2 ఉంటుంది. ఏడో ఎక్సాన్లో ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం వల్ల ప్రొటీన్లో ఏ మార్పూ రాదు, కానీ "ఈ ముక్క ఉంచు" అనేవాడికి చోటు పోతుంది. ఎక్కువసార్లు ఏడో ముక్క ఎగిరిపోతుంది, వచ్చిన ప్రొటీన్ నిలవదు. అంటే సరుకు ఇంట్లోనే ఉంది, కత్తిరింపు తప్పు. ఆ పిల్లల అమ్మానాన్నల్ని తలుచుకుంటే నాకు ఇక్కడ కలం ఆగింది.

దానికి ఏడ్రియన్ క్రైనర్ అనే శాస్త్రవేత్త వాళ్లు చేసిన మందు నుసినెర్సెన్. "వదిలెయ్" అనేవాడు కూర్చునే చోట చిన్న పట్టీ అతికించినట్టు పనిచేస్తుంది. వాడికి చోటు లేదు, ఏడో ముక్క ఉండిపోతుంది. వెన్నులోకి ఇంజెక్షన్ ఇవ్వాలి, 2016లో అమెరికాలో అనుమతొచ్చింది. నోటితో తాగించే రిస్డిప్లామ్ 2020లో వచ్చింది. మన దేశంలో సీసా ధర ఆరు లక్షలు దాటేది. పేటెంటు మీద ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచి, 2025 అక్టోబరులో తీర్పయ్యాక, మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో అదే మందు సీసా 15,900 రూపాయలకి తెచ్చింది. అదీ తక్కువేం కాదనుకో, నెలనెలా కొనాలంటే.

మీ చెల్లెలు లేచినట్టుంది, గిన్నెల చప్పుడవుతోంది. రెండో ఇంజెక్షన్ పడ్డాక పిల్లకి ఎలా ఉందో చెప్పు. వీలైతే రాయి.

ఇంకొకటి. 1994లో మా చెల్లెలి పెళ్లి క్యాసెట్టు మొన్న అటక మీద దొరికింది. మా వైపు కాపీలో నాన్న ఒక్కచోటే కనబడతాడు, అదీ వంటల దగ్గర, వీపు ఇటు తిప్పి. ఒరిజినల్ టేపులు నువ్వు చెరిపి ఇంకో పెళ్లికి వాడేసి ఉంటావు, ఆ సంగతి నాకు తెలుసు. మా బావ వాళ్ల వైపు చేసిచ్చిన కాపీ ఇంకా ఆ ఇంట్లో ఉందేమో ఒకసారి కనుక్కో. ఆడే వీసీఆర్ నీ దగ్గర ఉంటే నేనే బస్సెక్కి వస్తాను.

నీ
రాముడు