బ్రౌన్ ఔల్‌కి, మా గైడ్ కెప్టెన్ మేడమ్‌కి, మిగతా అందరికీ థాంక్స్

ముందు అసలు విషయం చెప్పేస్తాను. నాకు అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నాను. ఫోన్లు చేసిన వాళ్ళందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మామయ్యగారి కర్మలకి మావారు ఖమ్మం వెళ్ళిన సమయంలోనే ఈ నొప్పి రావాలా! ఇంగ్లండులో ఈ చిన్న ఊళ్ళో నేనూ, ఎనిమిదేళ్ళ పాపా తప్ప మావాళ్ళంటూ ఎవరూ లేరు. అందుకే ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "మరి పాపని ఎవరు చూసుకున్నారు?" అని అడిగారు. ఆ జవాబు కోసమే ఈ పోస్టు.

పాప వాళ్ళ బ్రౌన్ ఔల్ ఇంట్లో ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మన దగ్గర స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లలకి వయసుని బట్టి బుల్‌బుల్స్, గైడ్స్, రేంజర్స్ ఉన్నట్టే ఇక్కడ గర్ల్‌గైడింగ్ అనే సంస్థ ఉంది. నాలుగేళ్ళ నుంచి రెయిన్‌బోలు, ఏడు నుంచి పదేళ్ళ దాకా బ్రౌనీలు, ఆ తర్వాత గైడ్లు, పద్నాలుగు దాటితే రేంజర్లు. బ్రౌనీల లీడర్ని చాలాచోట్ల పిల్లలు పేరు పెట్టి పిలవరు, బ్రౌన్ ఔల్ అంటారు. ఆవిడకి తోడుగా టానీ ఔల్ ఉంటారు. వారానికో సాయంత్రం చర్చి హాల్లో కలుస్తారు. ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి, దీనికి పైసా జీతం లేదు. (కుకీలు అమ్మించేది వీళ్ళేనా అని అమెరికాలో ఉన్న మా పిన్ని అడిగింది. కాదు పిన్నీ, అది మీ దేశంలో గర్ల్ స్కౌట్స్.)

ఆ రాత్రి అంబులెన్స్‌కి ఫోన్ చేశాక నేను చేసిన రెండో ఫోన్ ఆవిడకే. ఆవిడ కోటు వేసుకుని వచ్చేసింది. వచ్చి ముందు చేసిన పని ఏంటంటే, మావారికి వీడియో కాల్ చేయించడం. అక్కడ ఇంకా తెల్లారలేదు. తను ఎవరో, ఇంట్లో ఎవరెవరు ఉంటారో, పాప ఏ గదిలో పడుకుంటుందో ఆయనకి చెప్పి, "మీకు సమ్మతమేనా?" అని అడిగి, ఆయన సరే అన్నాకే పాప బ్యాగు సర్దింది. పొరుగు మనిషిగా తీసుకెళ్తున్నాను తప్ప సంస్థ తరఫున కాదని కూడా చెప్పింది. ఆ నొప్పిలో నాకు ఇదంతా విసుగనిపించింది. ఇప్పుడు మాత్రం ఆ జాగ్రత్తకే దండం పెట్టాలనిపిస్తోంది. ఇక్కడ పిల్లలతో పనిచేసే వాలంటీర్లకి ముందుగా పోలీసు రికార్డుల తనిఖీ ఉంటుంది, పిల్లల భద్రత గురించి ట్రైనింగ్ ఇస్తారు. ఆవిడకి అది అలవాటైపోయింది. పాపకి వేరుశనగ పడదని నేను గుర్తు చేయబోతే, "ఫారంలో రాశారుగా" అంది.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు పుణెలో సంగమ్‌లో వాలంటీరుగా ఉండి వచ్చిందట. ప్రపంచ గైడ్లకి ఉన్న ఐదు కేంద్రాల్లో అదొకటి, 1966లో మొదలైంది. మిగతావి స్విట్జర్లాండ్, లండన్, మెక్సికోల్లో, ఆఫ్రికాలో ఉన్నాయి. ఖమ్మంలో గైడ్‌గా పెరిగిన నేను ఇప్పటిదాకా సంగమ్ గడప తొక్కలేదు, ఈవిడ మాత్రం అక్కడ చెయ్యి పెట్టి అన్నం కలపడం కూడా నేర్చుకుంది. కాబట్టి పాప పెరుగన్నం సంగతి ఆవిడకి వివరించనక్కర్లేకపోయింది. కాకపోతే పెరుగు కొనడానికి వాళ్ళాయన్ని పంపింది. ఆయన వెనిలా పెరుగు తెచ్చాడు. పాప మర్యాదగా తినేసిందట, వాళ్ళమ్మమ్మకి వాట్సాప్‌లో చెప్పి ఏడ్చిందట.

టానీ ఔల్‌కి కూడా థాంక్స్. పాపని బడికి దింపి తెచ్చింది, నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చింది. రేంజర్ అమ్మాయిలిద్దరు వచ్చి చెత్త డబ్బాలు బయట పెట్టి, నేను బరువులు ఎత్తకూడదని సామాన్లు మోసిపెట్టారు. పదహారేళ్ళ పిల్లలు, ఏం చెయ్యాలని అడగలేదు, చుట్టూ చూసి చేసుకుపోయారు.

ఇక ఖమ్మంలో మా మేడమ్. జిల్లా పరిషత్ హైస్కూల్లో మాకు గైడ్ కెప్టెన్, అంటే గైడ్ల లీడర్. రీఫ్ నాట్ అనే ముడి నుంచి రెండు కర్రలూ చొక్కాలతో స్ట్రెచర్ చెయ్యడం దాకా అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. రిటైరైపోయారు. నాకు ఆపరేషనని తెలిసి మా అత్తగారింటికి వెళ్ళారు. అప్పటికి మావారు కర్మలు తమ్ముడికి అప్పజెప్పి విమానం ఎక్కడానికి సిద్ధమవుతున్నారు. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి, "పాప ఎవరి దగ్గరుంది? గైడ్ల దగ్గరేగా! నాన్నగారి కార్యం పూర్తి చేసుకుని వెళ్ళు బాబూ" అన్నారట. ఆయన ఆగారు. పెద్దకర్మ అయ్యాకే వచ్చారు. మా అత్తగారు ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. మేడమ్ ఇంగ్లండు చూడలేదు. బ్రౌన్ ఔల్‌ని ఫోటోలో కూడా చూడలేదు. అయినా పెద్దకొడుకుని ఆపి కూర్చోబెట్టేంత పూచీ ఎలా ఇచ్చారు? తర్వాత ఫోన్లో అడిగాను. "గైడ్ నియమంలో మూడోది చెప్పు" అన్నారు, ఇంకా తొమ్మిదో తరగతిలోనే ఉన్నట్టు. చెప్పాను: గైడ్ అందరికీ స్నేహితురాలు, ప్రతి గైడ్‌కీ సోదరి. "అదే" అని ఫోన్ పెట్టేశారు.

నిజానికి గైడ్లుగా చేరేటప్పుడు చేసే ప్రమాణం రెండు దేశాల్లో ఒకేలా ఉండదు. మేము దేవుడి పట్ల, దేశం పట్ల కర్తవ్యం అని చెప్పేవాళ్ళం. ఇక్కడ 2013 నుంచి ప్రమాణంలో దేవుడి ప్రస్తావన తీసేశారు. నాకు నేను నిజాయితీగా ఉంటాను, నా నమ్మకాలను పెంచుకుంటాను అని చెప్పి, రాజుకీ సమాజానికీ సేవ చేస్తానంటారు. మా పాప రాజుగారికి సేవ చేస్తానంటే మావారు చాలా నవ్వారు. కానీ ఇతరులకు సాయపడతాను అన్న మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మగపిల్లల స్కౌట్ ర్యాలీకి పిలవకుండానే వచ్చి, మాకూ కావాలని అడిగిన ఆడపిల్లలతో మొదలైంది ఈ కథ. 1911లోనే మన దేశానికి, జబల్‌పూర్‌కి వచ్చింది. 1928లో ప్రపంచ సంఘం ఏర్పడింది, ఇప్పుడు సుమారు 150 దేశాల్లో ఉంది. అందుకే మా మేడమ్ చూడకుండానే ఆవిడ తరఫున మాట ఇవ్వగలిగారు.

ఇక్కడి తెలుగు అమ్మలు కొందరు "బ్రౌనీల్లో బ్యాడ్జీలు కుట్టించుకోవడం తప్ప ఏముంది, ఆ టైముకి అబాకస్ వెయ్యి" అని నాకు చెప్పినవాళ్ళే. అబాకస్ మంచిదే. కానీ రాత్రి పదకొండింటికి నేను అబాకస్ సెంటర్‌కి ఫోన్ చెయ్యలేను కదా.

బ్రౌన్ ఔల్‌కీ టానీ ఔల్‌కీ ఇంగ్లీషులో కార్డు విడిగా రాశాను, గారెలు చేసి పంపాను (వేరుశనగ నూనె వాడలేదు). ఇది మాత్రం మనవాళ్ళకి. మా యూనిట్‌లో చేరడానికి చాలామంది పిల్లలు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఖాళీ లేక కాదు, పెద్దవాళ్ళు చాలక. నేను పేరు ఇచ్చాను, తనిఖీ కాగితాలు నడుస్తున్నాయి. ఇంకొకరు కావాలంటున్నారు. చిన్నప్పుడు గైడ్ అయి ఉండాల్సిన పనేం లేదు. మంగళవారం సాయంత్రాలు వీలున్న ఆడవాళ్ళు ఎవరైనా మా చుట్టుపక్కల ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, బ్రౌన్ ఔల్‌తో మాట్లాడిస్తాను.