ఇరాన్ గొడవ 1979లో మొదలు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

ఇరాన్, అమెరికా గొడవ మీద మన పత్రికల్లో ఏ వ్యాసం చూసినా 1979 నుంచే మొదలవుతోంది. టెహ్రాన్‌లో విద్యార్థులు అమెరికా ఎంబసీని ముట్టడించారు, 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు, అప్పటి నుంచి ఇరాన్ మొండి దేశమైంది, ఇంతే. బందీలుగా పట్టుకోవడం తప్పే, అక్కడి పాలకులు సొంత జనాన్ని పెట్టే బాధలూ చూస్తూనే ఉన్నాం. కానీ అంతకుముందు అమెరికా అక్కడేం చేసిందో రాయకపోతే చదివేవాళ్లకు సగం కథే తెలుస్తుంది.

1951లో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్ ప్రభుత్వం అక్కడి బ్రిటిష్ చమురు కంపెనీని జాతీయం చేసింది. ఆయన్ను దించేద్దామంటే అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఒప్పుకోలేదు. 1953 జనవరిలో ఆయన స్థానంలో ఐసెన్‌హోవర్ వచ్చాడు, ఆగస్టుకల్లా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కుట్రతో మొసాద్దెగ్ పదవి పోయింది, పెత్తనమంతా ఇరాన్ రాజు షా చేతికి వెళ్లింది. మనిషి మారగానే విధానం తలకిందులైంది.

అణు విషయం మరీ దారుణం. ఇరాన్‌కు అణు విద్య నేర్పింది అమెరికాయే! 1957లో ఒప్పందం చేసుకుంది, 1967లో టెహ్రాన్‌లో 5 మెగావాట్ల పరిశోధన రియాక్టర్ పెట్టించింది, దానికి ఇంధనంగా 90 శాతం పైగా శుద్ధి చేసిన యురేనియం కూడా తనే ఇచ్చింది, అంటే బాంబుకు పనికొచ్చే స్థాయి సరుకు. 1974లో షా 23,000 మెగావాట్ల అణు విద్యుత్తు కావాలంటే రియాక్టర్లు అమ్మడానికి బేరాలాడింది. 1979 విప్లవంలో షా పోయాక అదే పని నేరమైపోయింది.

2015లో అమెరికాతో, మరికొన్ని పెద్ద దేశాలతో చేసుకున్న అణు ఒప్పందంలో ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయనని, 300 కిలోలకు మించి నిల్వ ఉంచనని ఒప్పుకుంది. మాట మీద నిలబడిందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలు చేసి మరీ చెప్పింది. అయినా 2018 మే 8న ట్రంప్ బయటికొచ్చేశాడు. ఎలా కుదిరిందంటే, సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు రావని అప్పటి అధ్యక్షుడు ఒబామా దాన్ని ట్రీటీగా, అంటే సెనేట్ ఆమోదించాల్సిన ఒప్పందంగా, పంపనే లేదు, కాబట్టి తర్వాత వచ్చినాయన ఒక్క సంతకంతో కొట్టేయగలిగాడు. ఆ తర్వాతే, 2021లో, ఇరాన్ 60 శాతం శుద్ధికి వెళ్లింది. 2025లో చర్చలు నడుస్తున్న రోజుల్లోనే మొదట ఇజ్రాయెల్ దాడి చేసింది, జూన్ 22న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద అమెరికా కూడా బాంబులు వేసింది. ఇన్ని చూశాక అమెరికా సంతకాన్ని ఏ దేశమైనా ఎలా నమ్ముతుంది?

దీంతో మనకేం సంబంధం అనుకోవద్దు. ఇరాన్ దగ్గర మనం చమురు కొనేవాళ్లం, కొంత మన రూపాయల్లోనే చెల్లించేవాళ్లం. ఇరాన్ మీద ఆంక్షల నుంచి మనకిచ్చిన మినహాయింపును 2019 మేలో అమెరికా ఎత్తేయగానే ఆపేశాం. తగువు వాళ్లది, నష్టం మనక్కూడా.

అందుకే నా విన్నపం. ఈసారి ఇరాన్ మీద పెద్ద వార్త వేసినప్పుడు పక్కన చిన్న బాక్సులోనైనా 1953లో, 1967లో, 2018లో ఏం జరిగిందో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు