"మట్టిలో అన్నీ చచ్చిపోతాయి" అని చెప్పి నా ఫిర్యాదు మూసేసిన కంపెనీకి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా ఇంకుడు గుంత గురించి జూన్ నుంచి చేస్తున్న ఫిర్యాదులు, వాటికి మీ వాళ్ళు చెప్పిన జవాబులు.

అయ్యా,

ముందే చెబుతున్నాను, మీ సెప్టిక్ ట్యాంకు పగల్లేదు, కారలేదు. దాని మీద నాకు కోపం లేదు. నాలుగు నెలల్లో పద్నాలుగు సార్లు ఫోన్ చేస్తే మీ మనిషి ఒక్కడంటే ఒక్కడు మా గుమ్మం తొక్కలేదు. నా కోపమంతా అక్కడే.

ఏప్రిల్‌లో మీ డీలరు పంపిన కుర్రాళ్ళు ట్యాంకు దించి, పక్కనే ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు భూమిలోకి ఇంకడానికి ఇంకుడు గుంత తవ్వారు. గుంతకీ మా బోరుకీ మధ్య 24 అడుగులు. ఇంత దగ్గరేంటి బాబూ అని అడిగాను. "మా కంపెనీ లెక్క ఇంతేనమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు. మీ పేరు మీది నమ్మకంతో ఊరుకున్నాను. 2006లో ఇల్లు కట్టినప్పుడు మిద్దె మీద పెట్టింది మీ నీళ్ళ ట్యాంకే. మా చెల్లెలి ఇంటికీ, మా వీధిలో మూడిళ్ళకీ నేనే దగ్గరుండి మీ సరుకు కొనిపించాను.

మాది పల్నాడు నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలిస్తే మోచేతి దాకా చెయ్యి దూరుతుంది. జూన్‌లో మొదటి పెద్దవానకి గుంత పొంగింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే నల్లటి నీళ్ళు గుంత అంచు దాటి, ఒక నెర్రెలోకి సన్నటి ధారగా దిగిపోతున్నాయి. ఆ నెర్రె బోరు వైపే సాగి ఉంది. అక్కడే నిలబడి మీ నంబరుకి ఫోన్ చేశాను.

మొదటి అమ్మాయి బిల్లు నంబరు అడిగింది, చెప్పాను. రెండు రోజుల్లో టెక్నీషియన్ వస్తాడంది. వారం చూసి మళ్ళీ చేశాను. ఈసారి ఒక అబ్బాయి, మళ్ళీ బిల్లు నంబరు, మళ్ళీ మొదటి నుంచీ కథ. ఇన్‌స్టలేషన్ డీలరు బాధ్యత అన్నాడు. నరసరావుపేట వెళ్ళి డీలరుని అడిగితే నాది అమ్మకం వరకే, విజయవాడ ఆఫీసుకి చెప్పుకోండి అన్నాడు. విజయవాడ ఆఫీసులో ఫోన్ ఎత్తరు. ఎత్తిన ఒక్కరోజూ "ఫోటోలు వాట్సాప్ చేయండమ్మా" అన్నారు. ఆరు ఫోటోలు పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఆగస్టులో ఒకాయన "ట్యాంకు నుంచి వాసన వస్తోందా?" అన్నాడు. ట్యాంకు కాదు బాబూ, గుంత, బోరు అన్నాను. "వాసన లేకపోతే ప్రాబ్లం లేనట్టే కదా" అని లైన్ పెట్టేశాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. సెప్టెంబరులో మాట్లాడినతను అన్న మాటను మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను. "మట్టే పెద్ద ఫిల్టర్ మేడం. మట్టిలోకి దిగితే క్రిములన్నీ చచ్చిపోతాయి" అన్నాడు. పది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని. కింద స్టార్లు ఇమ్మని అడిగారు.

నేను 31 ఏళ్ళు ఏఎన్ఎంగా చేసి రిటైరైన దాన్ని. కాబట్టి ఆ మాటకి నేనే జవాబు చెబుతాను, మీరు చదవండి.

సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుక్కి దిగి కొంత కుళ్ళుతుంది, అంతే. పైనుంచి గుంతలోకి వచ్చే నీళ్ళలో రోగక్రిములు ఇంకా బతికే ఉంటాయి. వాటిని ఆపాల్సింది మట్టే, ఆపుతుంది కూడా, నేను కాదనను. గాలాడే మట్టిలో నీరు మెల్లగా ఇంకితే బ్యాక్టీరియా చాలావరకు పై పొరల్లోనే చిక్కుకుంటాయి. పొడికి, ఎండకి, మట్టిలో ఉండే ఇతర సూక్ష్మజీవులకి ఆహుతైపోతాయి. చల్లగా, తడిగా ఉన్నచోట మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతాయి. నెర్రెలో నీరు ఇంకదు, జారుతుంది. మట్టిని తాకకుండానే కిందికి పోయే నీటిని ఏ మట్టి వడకడుతుంది? వానలకి రేగడి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక నీరు ఇంకనే ఇంకదు, మళ్ళీ గుంత పొంగుతుంది. ఇలాంటి నేలలో గుంత తీసేముందు చిన్న గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, అంగుళం నీరు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. మీ కుర్రాళ్ళు ఒక్క చెంబెడు నీళ్ళు కూడా పోయలేదు.

పచ్చకామెర్లు తెచ్చే వైరస్ బ్యాక్టీరియా కంటే దాదాపు ముప్పై రెట్లు చిన్నది. మట్టి దాన్ని వడకట్టలేదు, బంకరేణువులు పట్టి ఉంచుతాయంతే. గట్టి వాన పడితే ఆ పట్టు వదులుతుంది, వైరస్ మళ్ళీ నీటితో కదులుతుంది. ఏలికపాముల గుడ్లైతే మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మలంలోంచి వచ్చినప్పుడు ఆ గుడ్డు ఎవరికీ అంటదు. రెండు మూడు వారాలు తడి మట్టిలో ఉంటేనే లోపల పురుగు తయారై అంటుకునేదవుతుంది. అంటే మట్టి దాన్ని చంపడం లేదు, పొదుగుతోంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్ళో పిల్లల చేత నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ మింగించిన చేతులివి. పొంగిన నీళ్ళు పారింది మా తోటకూర మడిలోకి. మా మనవడు ఆడుకునేది ఆ మడి పక్కనే.

మా ఊరి ఏఎన్ఎం అమ్మాయి నీళ్ళ పరీక్ష సీసా తెచ్చింది. సాయంత్రం అందులో బోరు నీళ్ళు పట్టి అటక మీద పెట్టాం. మర్నాడు పొద్దున చూస్తే సీసా కాటుకలా నల్లబడి ఉంది. మలంలోని బ్యాక్టీరియా ఉంటే అది అలా నల్లబడుతుంది. తాగే నీళ్ళలో, 100 మిల్లీలీటర్లలో మలంలో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదని తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. ఆ రోజు నుంచి క్యాన్ నీళ్ళు కొనుక్కుంటున్నాం.

ఇంకుడు గుంతకీ తాగునీటి బోరుకీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని సెప్టిక్ ట్యాంకుల ప్రమాణం ఐఎస్ 2470లో ఉంది. అంటే దాదాపు 59 అడుగులు. మా పెరట్లో పడమటి వైపు, గడ్డివాము అవతల అంత జాగా ఉంది. మీ ఖర్చుతో గుంత అక్కడికి మార్చాలి. నేల పరీక్ష చేసి, ఇంకకపోతే వేరే దారి చూపాలి. బోరు శుభ్రం చేయించి, నీళ్ళు ల్యాబులో పరీక్ష చేయించాలి. మట్టిలో అన్నీ చచ్చిపోతాయన్న మాట తప్పని నాకు రాసివ్వాలి. అది నాకు డబ్బు కంటే ముఖ్యం. ఆ అబ్బాయి అదే మాట రోజుకి ఎంతమందికి చెబుతున్నాడో మీరు కనుక్కోండి.

2018 మార్చిలో గుంటూరులో మంచినీళ్ళలో మురుగు కలిసి అతిసారంతో జనం చనిపోయారు. అప్పటికి మాదీ ఆ జిల్లాయే. నీళ్ళలో మురుగు కలిసిందని ఒక మనిషి చెబుతుంటే వినకుండా ఫోన్ పెట్టేయడం నా మనసు ఒప్పుకోదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మనిషి రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. పద్నాలుగు కాల్స్ తేదీలు, మీ మెసేజ్‌లు, ఆరు ఫోటోలు అన్నీ దాచిపెట్టాను. నేను కొనిపించిన నాలుగిళ్ళ వాళ్ళకీ ఈ ఉత్తరం కాపీ ఇస్తాను. మీ మనిషి వస్తే ముందు వంటింట్లోకి రమ్మనండి. ఆ సీసా ఇంకా అటక మీదే ఉంది.

ఇట్లు,
19 ఏళ్ళుగా మీ కస్టమర్,
రిటైర్డ్ ఏఎన్ఎం, పల్నాడు జిల్లా