యాంటీఆక్సిడెంట్ సీసాల మీద పొగతాగేవారికి తెలుగులో హెచ్చరిక ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మా తమ్ముడు ముప్పై ఏళ్లుగా సిగరెట్లు తాగుతున్నాడు. నెల కిందట పొద్దున్నే నడకకు పార్కుకు వెళ్తే అక్కడ ఉచిత ఆరోగ్య శిబిరం అని టేబుల్ వేసుకుని కూర్చున్నారట. చేతికి ఒక లోహపు కడ్డీ ఇచ్చి పట్టుకోమన్నారు. కంప్యూటర్‌లో ఎర్ర గీతలు చూపించి, "మీ ఊపిరితిత్తుల నిండా ఫ్రీ రాడికల్సే, ఇనుముకు తుప్పు పట్టినట్టు పడుతోంది" అన్నారు. ఫ్రీ రాడికల్స్ అంటే ఒంట్లో పుట్టి కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు; వాటిని అడ్డుకునేవే యాంటీఆక్సిడెంట్లు. వాడు భయపడి రూ.2,400 పెట్టి మూడు నెలలకు సరిపడా యాంటీఆక్సిడెంట్ గోలీలు కొన్నాడు. ఇంటికొచ్చి, "ఇక సిగరెట్ గురించి టెన్షన్ లేదక్కా" అన్నాడు. సీసా వెనక సన్నటి ఇంగ్లీషు అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే మొదటి పేరే బీటా కెరోటిన్. నా గుండె ఝల్లుమంది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. బీటా కెరోటిన్ క్యారెట్‌లో, మునగాకులో, తోటకూరలో ఉండేదే. ఇలాంటి కూరలు బాగా తినేవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువగా కనిపించడంతో, దాన్ని విడదీసి గోలీగా ఇస్తే ఇంకా మేలు కదా అని ఒకప్పుడు శాస్త్రవేత్తలే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో పొగతాగేవారు, మానేసినవారు, ఆస్‌బెస్టాస్ అనే, ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజపు పీచుతో పని చేసినవారు కలిపి 18 వేల మందికి పైగా తీసుకుని దీన్నే విటమిన్ ఎ తో కలిపి ఇచ్చారు. అక్కడ ఊపిరితిత్తుల కేన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరగడంతో 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆ పరీక్ష ఆపేశారు. విటమిన్ ఇ సంగతీ అంతే. 35 వేల మంది మగవాళ్ల మీద చేసిన పరిశోధనలో ఆ గోలీ మింగినవారికి ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం ఎక్కువైందని 2011లో తేలింది.

అంటే మా తమ్ముడి లాంటివాళ్లకు ఏది ఇవ్వకూడదో దాన్నే వెతికి మరీ అమ్ముతున్నారు.

తుప్పు పోలిక వినడానికి బాగుంటుంది. కానీ ఒళ్లు ఇనప మేకు కాదు. ఫ్రీ రాడికల్స్‌ను అదుపులో పెట్టే ఎంజైములను మన కణాలు సొంతంగా తయారుచేసుకుంటాయి. పైగా తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి వాడే ఆయుధాల్లో ఆ ఫ్రీ రాడికల్స్ కూడా ఉన్నాయి. వాటిని మొత్తంగా తుడిచిపెట్టడం ఆరోగ్యం ఎలా అవుతుంది? డాక్టర్లు అవసరాన్ని బట్టి రాసే మందులను నేను కాదనడం లేదు. వయసు మీద పడి కంటి లోపలి రెటీనా పొర దెబ్బతింటున్న కొందరికి కంటి డాక్టర్లు ఇచ్చే విటమిన్ల గోలీల వల్ల మేలుందని రుజువైంది. వాటిలో కూడా పొగతాగేవారి కోసమే బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్, జియాజాంథిన్ అనే వేరే పదార్థాలు పెట్టారు. కంటి డాక్టర్లు ఇంత జాగ్రత్త పడుతుంటే, పార్కులో టేబుల్ వేసినవాడు "మీరు సిగరెట్ తాగుతారా" అని కూడా అడగడు.

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమన్నారు. అక్కడి శాస్త్రవేత్తలు పండ్లలో యాంటీఆక్సిడెంట్లను లెక్కించినప్పుడు ఖరీదైన పండ్లతో పోటీపడి ముందు వరుసలో నిలిచింది మన జామకాయే. జామకాయలో పీచు, పొటాషియం, ఇంకా ఎన్నో కలిసి పనిచేస్తాయి. అందులోంచి ఒక్కదాన్ని పీకి సీసాలో పెడితే అది జామకాయ చేసే పని చేయదు. ఆ రూ.2,400 పట్టుకుని ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్తే ఎన్ని వారాల ఆకుకూరలు, కాయలు వస్తాయో ఏ ఇల్లాలినైనా అడగండి.

ఇలాంటి సప్లిమెంట్ల మీద "ఔషధంగా వాడటానికి కాదు" అని రాయాలన్న నియమం ఇప్పటికే ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద రూ.10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మా తమ్ముడి సీసా మీద ఆ ముక్క ఇంగ్లీషులో, చీమ తలకాయంత ఉంది. బీటా కెరోటిన్ ఉన్న ప్రతి సీసా మీద పొగతాగేవారు వాడకూడదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. పార్కుల్లో ఈ శిబిరాలకు అనుమతి ఎవరిస్తున్నారో నగరపాలక సంస్థ చెప్పాలి. సంపాదకులు గారూ, మీకూ ఒక విన్నపం. మీ పేజీల్లో ఇలాంటి గోలీల ప్రకటన వేసే ముందు ఒక్కసారి డాక్టర్‌తో చదివించండి.

సీసా ఇప్పుడు నా బీరువాలో ఉంది. పొగాకు మానాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరుకు తమ్ముడి చేత ఫోన్ చేయించాను. శిబిరం వాళ్లు వచ్చే ఆదివారం పక్క కాలనీ పార్కుకు వస్తున్నారని గేటుకు బ్యానర్ కట్టారు. ఈ ఉత్తరం ఆలోపే అచ్చు వేయగలిగితే అక్కడ నడకకు వచ్చేవాళ్లు చదువుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సీతాఫల్‌మండి, హైదరాబాద్